ఎర్ర చీటీ ఎలుకలు

హైదరాబాదు,
గురువారం మధ్యాహ్నం.

చిరంజీవి దానియేలుకు,

నీ అక్క రూతు ప్రేమతో రాస్తున్న ఉత్తరం. దేవుడి దయవల్ల నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, అమ్మా, యాకోబు అన్నయ్యా, మార్త వదినా కులాసాగా ఉన్నారా అని అడగడం మర్యాద. మీరెవ్వరూ బాగా లేరని నీ ఉత్తరంలో చదివాక కూడా అలా అడిగితే నన్ను నేనే కొట్టుకోవాలి. అందుకని వేరేగా అడుగుతున్నాను. నీ అరికాళ్ళ వాపు తగ్గిందా? పాదం నేల మీద ఆనించగలుగుతున్నావా? అన్నయ్య తుంటి దగ్గర కట్టు ఒరుసుకుని పుండు పడుతోందా? అమ్మ అన్నం తింటోందా, నీకు పెడుతోందా? ముందు వీటికి జవాబు రాయి.

నా గురించి బెంగ పెట్టుకోవద్దు. వేళకి తింటున్నాను. ఇక్కడి ఎండ మన ఎండలా చెమట పట్టించదు, పెదవులు చీల్చి వదిలేస్తుంది. చేప తిని నాలుగు నెలలైంది. ఐసు పెట్టెలో తెచ్చి అమ్ముతారు గానీ ఆ కళ్ళు చూస్తే కొనబుద్ధి కాదు. హాస్టల్లో నా గదిలో సరోజ అని వరంగల్లు వైపు అమ్మాయి ఉంది. నేను ఫోనులో "ఆయ్, ఆయ్" అంటుంటే పడీ పడీ నవ్వుతుంది, మంచి పిల్లే. మంగళవారం నీ ఉత్తరం చదువుతుంటే మంచం మీద కూర్చుని దేనికో నవ్వింది. చేతిలో ఉన్న టిఫిను డబ్బాతో కొట్టాను. కనుబొమ్మ చిట్లింది. కట్టు కూడా నేనే కట్టాను, కాళ్ళు పట్టుకున్నాను. మన ఇంటి కోపం నాతోపాటు బస్సెక్కి ఇక్కడిదాకా వచ్చిందన్నమాట. పోయిన ఉత్తరంలో కొబ్బరినూనె పంపమని రాశాను. ఇక పంపవద్దు. మిగిలిన కాస్తా సరోజకి ఇచ్చేశాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో, నువ్వు రాసిందే తిరిగి రాస్తున్నాను. తప్పుంటే చెప్పు.

నా ఉత్తరం వచ్చాక మామూలుగానే అమ్మ దాన్ని చింపకుండా బైబిల్లో పెట్టింది. అమ్మకి చదువు రాదు, నీకు ఆటో దిగే తీరిక లేదు. ఆదివారం సాయంత్రం మనింటి ప్రార్థనకి సాల్మను మావయ్య వచ్చి, పాట అయ్యాక కళ్ళజోడు తుడుచుకుని, నా ఉత్తరం అందరి ముందూ పైకి చదివాడు. ఇదంతా కొత్త కాదు. నాకు జ్వరం తగ్గిందని రాస్తే అందరూ ఆమెన్ అన్నారు. ఉద్యోగం పర్మినెంటు అవుతుందని రాస్తే ఆమెన్ అన్నారు. ఈసారి, అన్నయ్య లాంటి కండ కరిగే జబ్బున్న ఎలుకలకి ఇక్కడ గంజాయి మొక్క నూనె పట్టిస్తున్నారనీ, అది తాగిన ఎలుకలు బలంగా లేస్తున్నాయనీ రాశాను. దానికీ ఆమెన్ అన్నారు. ఆమెన్ అన్నాక అది ఇంక నా మాట కాదు, దేవుడి మాట అయిపోయింది.

మర్నాడు నువ్వు ఆటో వేసుకుని ఓడలరేవు వెళ్ళావు. చమురు రిగ్గుకి సామాను తెచ్చే లారీల దగ్గర ఎవడో క్లీనరు గంజాయి అమ్ముతాడని నీకు ముందే తెలుసు. ఎలా తెలుసో వచ్చాక అడుగుతాను. నూనెలో కలుపుతారని నేను రాశాను కాబట్టి అమ్మ ఆకుని కొబ్బరినూనెలో వేయించి, వడగట్టి, అన్నయ్యకి మొదటి ముద్దలో కలిపి పెట్టింది. అలా ఆరు రోజులు. అన్నయ్య నవ్వాడు. రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. కాళ్ళ పోట్లు తగ్గాయన్నాడు. ఎప్పుడూ లేనిది పగటి పూట నిద్రపోయాడు. మీరందరూ బలం వస్తోందనుకున్నారు.

తర్వాతి ఆదివారం వీధి వీధంతా ప్రార్థనకి వచ్చింది. మావయ్య, "యాకోబూ, లేచి నిలబడరా నాయనా. దేవుడు నీకేం చేసేడో సాక్ష్యం చెప్పు" అన్నాడు. అన్నయ్య లేచి నిలబడటంతో ఆగలేదు. నడుముకి కత్తి కట్టుకున్నాడు. చెట్టెక్కేటప్పుడు కాళ్ళకి వేసుకునే బంధం తెమ్మన్నాడు. వదిన అడ్డం వస్తే లాగి కొట్టాడు. నీ భుజం మీద చెయ్యి వేసి, కాలవ గట్టున వంగి ఉన్న కొబ్బరిచెట్టు దగ్గరికి నడిచాడు. అన్నయ్య చెట్టు ఎక్కడం మొదలుపెట్టగానే అందరూ పాట ఎత్తుకున్నారు.

నువ్వు కూడా పాడావా, దానియేలూ? ఆ మాట నువ్వు రాయలేదు.

నిలువున్నర ఎత్తు ఎక్కాడు. అక్కడ చెట్టుని కావిలించుకుని ఆగిపోయాడు. ఆ తర్వాత "చేతులు వదిలేసేడక్కా" అని రాశావు. వదిలెయ్యలేదురా. అవి జారిపోయాయి. ఆ రెండింటికీ తేడా నాకు తెలుసు, ఎలుకల్లో వారం వారం చూసినదాన్ని. కొబ్బరి డొక్కల పోగు మీద పడ్డాడు కాబట్టి ప్రాణం ఉంది, తుంటి విరిగింది. అంత నొప్పిలో ఉన్నవాడి తల మీద చెయ్యి పెట్టి మావయ్య ప్రార్థన మొదలుపెట్టాడు. అన్నయ్య నడుమున ఉన్న కత్తి లాగి విసిరాడు. మావయ్య అరచేయి మణికట్టు దాకా చీలింది. నా ఉత్తరాలు పట్టుకునే చెయ్యి అది. నేను విచారపడాలి. ఇంకా పడటం లేదు.

మూడోరోజు ఎవరో చెబితే ఎక్సైజు వాళ్ళు వచ్చి నిన్ను తీసుకుపోయారు. రెండు రోజులు అరికాళ్ళ మీద లాఠీలతో కొట్టారు. ఎవరు నేర్పారని అడిగితే నా పేరు చెప్పలేదని గొప్పగా రాశావు. చెప్పాల్సింది. ఇంటికి పాక్కుంటూ వస్తే అమ్మ తలుపు వేసేసి, "నా పెద్ద కొడుకుని చంపేవురా" అందట. నువ్వు ఆటోలోనే పడుకుంటున్నావు. లోపల అన్నయ్య మంచం కోడుకి తల బాదుకుంటూ, కత్తి ఇచ్చెయ్యండి, నా పీక నేనే కోసుకుంటానంటున్నాడు. ఉత్తరం చివర నువ్వు నన్ను అడిగింది ఒక్కటే. మనం ఇచ్చింది నాటు సరుకు కాబట్టి వికటించింది, అక్కడ డాక్టర్ల దగ్గరున్న అసలు మందు సీసా పంపు, పంపకపోతే నేనే వచ్చి బీరువా పగలగొడతాను. అంతేగా?

నువ్వు రానక్కర్లేదు. బీరువా నేనే పగలగొట్టబోయాను. అది చెప్పడానికే ఈ ఉత్తరం. హాస్టలు ఫోనులో ఇంత చెప్పలేను, నా వెనక వరసలో నిలబడ్డవాళ్ళు గొణుగుతారు.

దానికి ముందు ఇంకొకటి చెప్పాలి. నేను ఇక్కడ పరిశోధనశాలలో, ఎలుకల గదిలో బోనులు కడుగుతానని, మేత పెడతానని మీకు రాశాను. అది నిజమే గానీ సగమే. మిగతా సగం రాస్తే అమ్మ భయపడుతుందని దాచాను. మగ ఎలుకలని ఎక్కువ రోజులు ఒకే బోనులో ఉంచితే ఒకదాని వీపు ఒకటి కొరుక్కుని మాంసం బయటికి తెస్తాయి. పొద్దున్నే వెళ్ళి వాటిని విడదియ్యాలి. నా వేళ్ళ నిండా కాట్లే. పరీక్ష అయిపోయాక వాటి కండ కోసి చూడాలి కాబట్టి చంపాలి. అది నా పని. మెడ మీద పెన్ను అడ్డంగా నొక్కిపెట్టి తోక పట్టుకుని ఒక్క గుంజు గుంజాలి. టప్‌మని చిన్న చప్పుడు వస్తుంది. మొదటి రోజు వాంతి చేసుకున్నాను. ఇప్పుడు వాంతి రాదు. అన్నం తినేటప్పుడు మాత్రం కుడి చేతి బొటనవేలు వైపు చూడను.

ఈ ఎలుకలు పుట్టుకతోనే కండ కరిగిపోయే జబ్బుతో పుడతాయి. అన్నయ్యది అచ్చంగా ఇదే కాదట, దీనికి దాయాదిలాంటి జబ్బట. మొదటిసారి వాటిని చూసినప్పుడు బోను ముందే కూర్చుండిపోయాను. పడుకున్నది లేవాలంటే ముందు వెనక కాళ్ళు వెడల్పుగా పెట్టి, ఆగి, అప్పుడు లేస్తుంది. అన్నయ్య మోకాళ్ళ మీద చేతులు పెట్టి, తొడల మీదుగా తన్ను తాను పైకి తోసుకుంటూ లేస్తాడు చూడు, అచ్చం అలాగే.

నువ్వప్పటికి చిన్నవాడివి, నీకు సగమే గుర్తుండి ఉంటుంది. మీ బావ అనిపించుకున్న ఆ మనిషి నన్ను జుట్టు పట్టుకుని గుమ్మానికి కొట్టి పన్ను ఊడగొట్టిన రోజు అన్నయ్య రైతుగారి తోటలో కొబ్బరికాయల దింపు తీస్తున్నాడు. కబురు విని, సగంలో చెట్టు దిగి, ఒంటి మీద చొక్కా లేకుండా, నడుముకి కత్తితో మా అత్తారి ఊరిదాకా నడిచొచ్చాడు. కత్తి తీసి గుమ్మం దగ్గర నాకిచ్చాడు. "పట్టుకో చెల్లెమ్మా, ఇది చేతిలో ఉంటే నరికేత్తాను" అన్నాడు. ఆ మనిషిని ఒంటి చేత్తో మెడ పట్టి లేపి, కాలవదాకా ఈడ్చుకెళ్ళి, తల నీళ్ళలో ముంచాడు. తేల్చి ముంచాడు. మళ్ళీ ముంచాడు. చాలన్నయ్యా అని నేను అనేదాకా. వెంటనే అనలేదు నేను. కాసేపు చూస్తూ నిలబడ్డాను. భయం వెయ్యలేదు, సంతోషం వేసింది. ఇన్నేళ్ళకి ఈ మాట నీ ఒక్కడికే చెబుతున్నాను. నేను ఇవాళ బతికి ఉద్యోగం చేసుకుంటున్నానంటే ఆ చేతుల వల్ల. ఆ చేతులే ఇప్పుడు మంచినీళ్ళ బిందె ఎత్తలేకపోతుంటే, నాకు దేవుడి మీద కూడా కోపం వస్తుంది.

అందుకే ఆ గదిలో గంజాయి అనే మాట వినగానే నా మతి నా దగ్గర లేదు. సర్కారు కాగితాలతో, సీళ్ళతో వచ్చిన సారం అది. మా డాక్టరు మేడమ్ దాన్ని నువ్వుల నూనెలో కలిపి కొన్ని ఎలుకలకి పట్టించారు. మిగతావాటికి ఉత్త నువ్వుల నూనె. ఏ ఎలుకకి ఏది అన్నది ఎవరికీ తెలియకూడదట, చూసేవాళ్ళ కళ్ళు ఆశపడి మోసం చేస్తాయట. అందుకని ఒక వరస బోనులకి ఎర్ర చీటీ, ఇంకో వరసకి పచ్చ చీటీ అంటించి, ఏ చీటీకి ఏ నూనో రాసిన కాగితం కవరులో పెట్టి సీలు వేశారు. వారానికోసారి ఒక్కో ఎలుకని సన్న తీగకి వేలాడదీసి, ఎంతసేపు పట్టుకుంటుందో గడియారం చూసి రాసుకుంటారు. కింద దూది పరిచి ఉంటుంది. పడ్డదాన్ని తీసి బోనులో వేసేది నేను.

ఎర్ర చీటీ ఎలుకలు ఎక్కువసేపు పట్టుకున్నాయి. బోనులో చెయ్యి పెడితే కరిచాయి, రక్తం వచ్చేలా కరిచాయి. పచ్చ చీటీవి ఒక మూల ముద్దగా పడుకునేవి. నేను ఎర్ర చీటీవే మందు తాగాయనుకున్నాను. ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను. ఆ కాట్లకి నా వేళ్ళు మండుతుంటే ఆనందంగా ఉండేది, నన్ను కరిచింది అన్నయ్య బలమే అనుకునేదాన్ని. గంజాయి కొట్టినవాడు మూల కూర్చుని జోగుతాడని మన రేవులో పుట్టి పెరిగినదానికి నాకు తెలియదా? తెలుసు. తెలిసి కూడా నా బుర్రకి తట్టలేదు. ఆ రోజే మీకు ఉత్తరం రాశాను.

పరీక్ష అయిపోయింది. ఎర్ర చీటీ వాటినీ, పచ్చ చీటీ వాటినీ ఒకే పూట నేనే చంపాను. ఎర్ర చీటీ వాటిని చంపేటప్పుడు ఏడ్చాను.

ఇక నిన్నటి సంగతి. మంగళవారం నీ ఉత్తరం చదివాక నిద్రలేదు. బుధవారం భోజనాల వేళ అందరూ కాంటీనుకి వెళ్ళారు. సారం సీసాలు పెట్టే ఇనప బీరువాకి రెండు తాళాలు. పాత బోనుల కడ్డీ ఒకటి తీసుకుని మొదటి తాళం సందున పెట్టి తిప్పాను. చెయ్యి చీరుకుపోయింది, తాళం ఊడింది. రెండోదాని మీద పడ్డాను. వెనక నుంచి మేడమ్ వచ్చారు.

"రూతమ్మా, ఏం చేస్తున్నావు?" అన్నారు.

"మా అన్నయ్యకండి. పక్కకి తప్పుకోండి మేడమ్. తప్పుకోపోతే కొట్టేత్తాను, నిజంగా కొట్టేత్తాను" అన్నాను.

తప్పుకోలేదు ఆవిడ. బక్కమనిషి, నా భుజం దాకా వస్తారేమో. వచ్చి బీరువాకి అడ్డంగా నిలబడ్డారు. నేను కడ్డీ ఎత్తాను. దానియేలూ, నా మీద ఒట్టు, ఆవిడ తల మీదికే ఎత్తాను. చెయ్యి దించేటప్పుడు ఎందుకు పక్కకి పోయిందో నాకు తెలియదు. పక్కనున్న వాష్‌బేసిను బద్దలైంది. పెంకు ఎగిరి ఆవిడ పిక్కలో దిగింది. తెల్ల కోటు అంచు ఎర్రబడటం చూశాను. కడ్డీ కింద పడేసి గోడకి చేరబడ్డాను. వాచ్‌మన్‌ని పిలుస్తారనుకున్నాను. ఆవిడ తలుపు లోపల గడియ పెట్టి, నా ఎదురుగా నేల మీద కూర్చుని, పెంకు పీక్కుని, గుడ్డ అదిమి పట్టుకుని, "ఇప్పుడు చెప్పు" అన్నారు. నీ ఉత్తరం ఇచ్చాను. చదివారు.

"ఎర్ర చీటీ వాటికి మందు ఇచ్చామని నీకెవరు చెప్పారు?" అన్నారు.

"ఎవరూ చెప్పలేదండి. అవి బాగా కరిచేయండి. తీగ వదల్లేదండి. అందుకని అనుకున్నాను."

"కవరు విప్పి రెండు వారాలైంది. మీ అందరికీ చెప్పాలని నాకు తోచలేదు, అది నా తప్పు" అని లేచి కుంటుకుంటూ వెళ్ళి కాగితం తెచ్చారు. నా ముందు పెట్టి వేలితో చూపించారు. "ఎర్ర చీటీవి తాగింది ఉత్త నువ్వుల నూనె, రూతమ్మా. గంజాయి సారం తాగింది పచ్చ చీటీవి."

ఆ కాగితం ఇంకా నా కళ్ళ ముందే ఉంది. అన్నయ్య తుంటి విరిగింది, మావయ్య చెయ్యి తెగింది, నీ పాదాలు పచ్చిపుండయ్యాయి. ఇవన్నీ నేను మనసులో అనుకున్న ఒక మాట మీద జరిగాయి. నీకు గంజాయి తెచ్చిన పాపం అంటుకుందని అమ్మ తలుపు వేసింది. అంటుకోవలసింది నాకు. ఈ ముక్క గుమ్మం బయటినుంచే అమ్మకి రెండుసార్లు చదివి వినిపించు, తలుపు తీస్తుంది.

నాకు అర్థమయ్యేలా చెప్పమని అడిగాను, మేడమ్ ఓపిగ్గా చెప్పారు. ఆ మొక్కలో పదార్థం ఒకటి కాదట, చాలా ఉన్నాయట. మత్తు ఇచ్చేది ఒకటి. మత్తులో ఉన్న ఎలుక తీగ సరిగా పట్టుకోదు, పడిపోతుంది. కానీ పచ్చ చీటీ వాటి కండ కోసి చూస్తే లోపల వాపు కొంచెం తక్కువగా కనిపించిందట. మత్తు ఇవ్వకుండా వాపుని మాత్రం తగ్గించేది ఆ మొక్కలోనే ఇంకేదో ఉండొచ్చట. దాన్ని విడదీసి, మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి. ఉండొచ్చు అన్నారు గానీ ఉంది అనలేదు. "ఇన్ని ఎలుకల్ని చూసి నేనే ఉందని అనలేకపోతున్నాను. నువ్వు మనిషికి పంపుతావా?" అన్నారు. ఏళ్ళు పడుతుందట. ఎన్నేళ్ళని అడిగితే, లెక్క చెబితే అబద్ధమవుతుందన్నారు.

అంటే అన్నయ్య పోట్లు తగ్గాయన్నది అబద్ధం కాకపోవచ్చు. బలం వచ్చిందన్నదే అబద్ధం. ఆ రెండూ ఒకటే అనుకున్నాం మనం. ఒళ్ళు నొప్పి తెలియకపోతే మనిషి తనకి బలం ఉందనుకుంటాడు, చెట్టెక్కుతాడు.

ఇంకో పాడు బుద్ధి కూడా పుట్టింది, అదీ చెప్పేస్తాను. నిన్న రాత్రి, నేనొక పని చెయ్యొచ్చుగా అనుకున్నాను. కొట్లో నువ్వుల నూనె కొని, ఇక్కడి సీసాలో పోసి, చీటీ అంటించి నీకు పంపితే అన్నయ్య తల బాదుకోవడం మానేస్తాడు. అసలు మందు వచ్చిందని అమ్మ నీకు తలుపు తీస్తుంది. ఉత్త నూనె తాగిన ఎలుకలేగా తీగ పట్టుకుని వేలాడింది. సీసా కొన్నాను కూడా. కొని, పొద్దున్న హాస్టలు వెనక రాతికి వేసి కొట్టాను. నేను పంపిన ఒక్క మాటకే అన్నయ్య చెట్టెక్కాడు. నేను పంపిన సీసా తాగితే ఎక్కడికి ఎక్కుతాడో నాకు భయం.

కాబట్టి సీసా రాదు. ఇంకెవరి దగ్గరా ఆకు కూడా కొనవద్దు. ఇంట్లో మిగిలిన నూనె కాలవలో పారబొయ్యి, అమ్మ ఏడ్చినా సరే. కత్తులు అటక మీద దాచడం కాదు, ఇంట్లోంచే తీసేసి పక్క వీధిలో ఇచ్చెయ్యి. అన్నయ్యని ఒకే పక్క మీద ఉంచకండి, రెండు గంటలకోసారి నువ్వూ వదినా కలిసి తిప్పండి. తుంటి కదలకుండా, గోరువెచ్చని నీళ్ళ గుడ్డతో చేతి వేళ్ళు, పాదాలు మాత్రం మెల్లగా సాగదియ్యండి. లేకపోతే ముడుచుకుని అలాగే ఉండిపోతాయట. ఈ జబ్బు ఒక్కొక్కరికి ఊపిరి మీదికీ గుండె మీదికీ కూడా వస్తుందట, అది చూపించుకోవాలి. కాకినాడలో ఎవరిని కలవాలో మేడమ్ చీటీ రాసిచ్చారు, నాతో తెస్తున్నాను. తల ఎత్తి రెండు దిళ్ళు పెడితే ఊపిరి సుళువుగా ఆడుతుంది. ఇవేవీ మందు కాదు. కానీ ఇవి చేస్తే ఉన్నది ఉన్నంతకాలం ఉంటుంది. ప్రస్తుతానికి మనకి దొరికింది ఇదే.

నా ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. తాళం సంగతి పైవాళ్ళకి రాయక తప్పదన్నారు మేడమ్, కడ్డీ సంగతి మాత్రం రాయనన్నారు. ఆవిడ పిక్కకి నాలుగు కుట్లు పడ్డాయి. ఇవాళ పొద్దున్న కుంటుతూ వచ్చి, నా చేతికి కట్టు మార్చి, సెలవు కాగితం మీద సంతకం పెట్టారు. ఆవిడ మీద నాకు కోపం తెచ్చుకోవాలని ఉంది, రావడం లేదు.

ఈ ఆదివారం కాదు, వచ్చే ఆదివారం పొద్దుటికి రాజోలు బస్టాండులో దిగుతాను. నువ్వు ఆటో తీసుకుని రాకు, నీ పాదాలతో బ్రేకు తొక్కలేవు. నేనే వస్తాను.

అమ్మకి నా వందనాలు. కొడుకుని గుమ్మం బయట ఉంచినందుకు నాకు చాలా కోపంగా ఉందని కూడా చెప్పు. మార్త వదినకి ముద్దులు, చెంప మీద దెబ్బకి నా తరఫున క్షమాపణ. వీధిలో పెద్దలందరికీ పేరుపేరునా నా నమస్కారాలు. మావయ్యకి వందనాలు. ఆయన చెయ్యి మానాలని మనస్ఫూర్తిగా ప్రార్థన చేస్తాను, వచ్చే వారం నుంచి.

ఈ ఉత్తరాన్ని బైబిల్లో పెట్టవద్దు. ఆదివారందాకా ఆగవద్దు. మావయ్య కాదు, నువ్వే చదువు. అన్నయ్య మంచం పక్కన కూర్చుని, తలుపు వేసి, మొదటినుంచి చివరిదాకా, ఎర్ర చీటీ సంగతితో సహా ఒక్క ముక్క వదలకుండా చదువు. ఎవ్వరూ ఆమెన్ అనకూడదు. అన్నయ్య ఏడ్చినా, బూతులు తిట్టినా ఆపవద్దు. నన్ను చంపేస్తానంటాడు. అననియ్యి. చెయ్యి భుజం దాటి లేవడం లేదని రాశావు కదా. నేను వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంటానని చెప్పు. అక్కడికైతే చెయ్యి అందుతుంది.

ఇట్లు,
అమ్మ, అన్నయ్య, వదినల దీవెనలు కోరుతూ, నీ మేలు కోరే అక్క,
రూతు